ముగ్గురు బిడ్డల తండ్రి 'బ్యాచిలర్' ఎలా అవుతాడు?

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి వీసాలపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ సంతకం చేసిన వెంటనే మన తెలుగు పత్రికలూ, టీవీ ఛానళ్లూ ఎంతగా తల్లడిల్లాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సెలవుపై స్వదేశానికి వచ్చినవారు హడావిడిగా తిరుగు ప్రయాణం కట్టారు. నాయకులు ప్రకటనలు ఇచ్చారు, నిపుణులు రాత్రి పొద్దుపోయేదాకా చర్చించారు. ఆ ఆందోళనను మేము తప్పుపట్టడం లేదు. అప్పుచేసి బిడ్డను చదివించిన తల్లిదండ్రుల భయం నిజమైన భయమే. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి, 21 ఏళ్లు నిండగానే బిడ్డ ఆశ్రిత వీసా పోతుందని రోజులు లెక్కపెట్టుకునే దంపతుల బాధ కూడా నిజమే.

మా ప్రశ్న వేరు. 2017 జూలై 1న సౌదీ అరేబియా ప్రభుత్వం, అక్కడ కుటుంబంతో నివసించే ప్రతి విదేశీ ఉద్యోగిపై 'ఆశ్రితుల రుసుము' విధించింది. భార్యకు నెలకు 100 రియాళ్లు, ఒక్కొక్క బిడ్డకు 100 రియాళ్లు. ఏటా మరో వంద చొప్పున పెరుగుతూ 2020 జూలై నాటికి అది తలకు 400 రియాళ్లయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు తొలి ఏడాది కట్టవలసింది 4,800 రియాళ్లు. నాలుగో ఏటికి 19,200. నెలకు మూడు వేల రియాళ్లు సంపాదించేవాడికి ఇది ఆరు నెలల జీతం కంటే ఎక్కువ. ఇకామా రెన్యువల్ చేసుకోవాలంటే ఈ సొమ్ము ముందే చెల్లించాలి. ఫలితం ఏమిటి? టోలిచౌకిలో, మెహదీపట్నంలో, చాంద్రాయణగుట్టలో పెట్టెలు, బిడ్డలు, సగంలో ఆగిన చదువులతో దిగిన తల్లులను మేము కళ్లారా చూశాం. తండ్రులు అక్కడే ఉండిపోయారు. అప్పుడు ఎన్ని చర్చలు జరిగాయి? ఎంతమంది నాయకులు కేంద్రాన్ని నిలదీశారు? లక్ష డాలర్లు ఒక తరగతి కలను దెబ్బతీస్తే అది రాష్ట్ర సమస్య అయింది. నాలుగు వందల రియాళ్లు మరొక తరగతి సంసారాన్ని రెండు దేశాలుగా చీల్చితే అది ఆ ఇంటి సమస్యగానే మిగిలిపోయింది.

వలస కష్టాలన్నీ ఒకటే అని సభల్లో చెప్పడం ఒక అలవాటైపోయింది. ఆ మాట మేము ఒప్పుకోం. విదేశంలో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, ఆ దేశంలో భార్యాబిడ్డలతో ఒకే కప్పు కింద నిద్రపోయే అనుమతి దొరకడం మరో ఎత్తు. ఈ రెండో అనుమతిని ప్రపంచమంతటా జీతం కొలబద్దతో కొలుస్తున్నారు.

లెక్కలు చూడండి. కువైట్ ప్రభుత్వం కుటుంబ వీసాలను సుమారు ఏడాదిన్నర నిలిపివేసి 2024 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు పెట్టిన షరతు నెలకు 800 దీనార్ల జీతం. దానికి తోడు విశ్వవిద్యాలయ పట్టా. అదే కువైట్ 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస వేతనం 60 దీనార్లు. పైగా ఇంటిపని వీసాకు, అంటే మనవాళ్లు '20వ నంబరు వీసా' అని పిలిచేదానికి, కుటుంబాన్ని పిలిపించుకునే అర్హతే లేదు. యు.ఎ.ఇ.లో 2019 నుంచి వృత్తితో నిమిత్తం లేకుండా 4,000 దిర్హాములు, లేదా వసతితోపాటు 3,000 దిర్హాములు ఉన్నవారు కుటుంబాన్ని తెచ్చుకోవచ్చన్నారు. ముందున్న నిబంధనకంటే అది మేలే. కానీ వెయ్యి, పన్నెండు వందల దిర్హాములకు భవనాలు కట్టే మనిషి ఆ గీత దగ్గరికి కూడా చేరలేడు. సౌదీలో ఇకామా మీద వృత్తి 'ఆమిల్' అని రాసి ఉంటే, అంటే కూలీ అని ఉంటే, కుటుంబ నివాసం మాట ఎత్తనక్కర్లేదు.

గల్ఫ్ నగరాల్లో ఇలాంటివారికి ఒక పేరుంది: 'బ్యాచిలర్'. ఊళ్లో భార్య, ముగ్గురు బిడ్డలు, మంచం పట్టిన తల్లి ఉన్న నలభై ఏళ్ల మనిషి అక్కడి అద్దె ఇళ్ల భాషలో, మున్సిపాలిటీ భాషలో బ్యాచిలర్. కుటుంబాలు నివసించే వాడల్లో అతను గది తీసుకోకూడదు. కతర్ ఇందుకోసం 2010లో ఏకంగా చట్టమే చేసింది. కుటుంబాన్ని తెచ్చుకోనివ్వని వారే, కుటుంబం లేదన్న కారణంతో అతన్ని ఊరి చివర క్యాంపులో ఉంచుతున్నారు. ఇంతకంటే వింత తర్కం మేము మా ముప్పై ఏళ్ల కచేరీ ఫైళ్లలో కూడా చూడలేదు.

ఇక్కడ ఒక అపప్రథను ప్రస్తావించాలి. ముస్లింలకు గల్ఫ్ దేశాల్లో ప్రత్యేక ఆదరణ ఉంటుందనీ, అక్కడి సొమ్ముతోనే మన బస్తీలు బలుస్తున్నాయనీ ప్రచారం చేసేవారు ఉన్నారు. వారిని ఒక్క ఏడాది కఫీల్ చేతికింద పనిచేసి రమ్మనాలి. పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకునే కఫీల్ కలిమా వచ్చునా అని అడగడు. పారిపోయాడని 'హురూబ్' రాయించేటప్పుడు మతం చూడడు. కాగితాలు లేక 'ఖల్లివల్లి' అయిపోయిన జగిత్యాల యువకుడూ, పాతబస్తీ యువకుడూ ఒకే గదిలో దాక్కుంటారు. 2017లో ఆశ్రితుల రుసుము వేసిన ఆ సౌదీ ప్రభుత్వమే 2019లో 'ప్రీమియం రెసిడెన్సీ' ప్రవేశపెట్టింది. 8 లక్షల రియాళ్లు ఒకేసారి చెల్లిస్తే కఫీల్ అవసరం లేకుండా కుటుంబంతో శాశ్వతంగా ఉండవచ్చు. యు.ఎ.ఇ.లో 20 లక్షల దిర్హాముల ఆస్తి కొన్నవారికి పదేళ్ల గోల్డెన్ వీసా. ఆ కార్డులు పొందినవారిలో అన్ని మతాల ధనికులూ ఉన్నారు, క్యాంపుల్లో ఉన్నవారిలో అన్ని మతాల పేదలూ ఉన్నారు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) కాలంలో యుద్ధభూమికి వెళ్లిన సైనికుల భార్యల వేదన ఆయన చెవిన పడినప్పుడు, స్త్రీ భర్తకు దూరంగా ఎంతకాలం ఓర్చుకోగలదని కుమార్తెను అడిగి తెలుసుకుని, సైనికుణ్ణి అంతకుమించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారని ఉలమాలు చెబుతారు. ఆ గడువు నాలుగు నెలలని కొందరు, ఆరు నెలలని కొందరు రాశారు. నేటి కాంట్రాక్టులో సెలవు రెండేళ్లకు ఒకసారి. ఆ ఖలీఫా పేరును గౌరవంగా తలుచుకునే పాలకులకు ఈ ఆదేశాన్ని గుర్తుచేసే ధైర్యం మన జమాతుల పెద్దలు ఏనాడైనా చేశారా?

పాశ్చాత్య దేశాలు దీనికి అతీతం అనుకోనవసరం లేదు. బ్రిటన్ 2024 మార్చి 11 నుంచి వృద్ధుల సేవకు వచ్చే కేర్ వర్కర్లు భార్యను, భర్తను, పిల్లలను తెచ్చుకోరాదని నిషేధించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, బ్రిటన్‌లో స్థిరపడినవారు జీవిత భాగస్వామిని రప్పించుకోవడానికి కావలసిన వార్షికాదాయాన్ని 18,600 పౌండ్ల నుంచి 29,000 పౌండ్లకు పెంచింది. ఇతరుల తల్లిదండ్రులకు స్నానం చేయించే మనిషికి సొంత బిడ్డను పక్కన ఉంచుకునే అర్హత లేదన్నమాట. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగి భార్యాబిడ్డలకు హెచ్-4 వీసా ఉంది. ఆ కుటుంబాలు కనీసం కలిసి ఉండి కష్టపడతాయి. వారి కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కలిసి ఉండటమే ఒక సంపద అని వారు గుర్తించాలని అంటున్నాం.

పరాయి ప్రభుత్వాలను నిందించి ఊరుకోవడం సులభం. ఈ వర్గభేదం మొదలయ్యేది శంషాబాద్ విమానాశ్రయం ఇవతలే. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై 'వలస అనుమతి అవసరం' అనే గుర్తు పడుతుంది. వారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఎవరికి ఈ అనుమతి అక్కర్లేదో ఆ జాబితా చదివితే మన సమాజం ఎవరిని నమ్ముతుందో అర్థమవుతుంది. ఆదాయపు పన్ను కట్టేవారికి అక్కర్లేదు. వారి భార్యకు, వారిపై ఆధారపడిన మైనరు పిల్లలకు కూడా అక్కర్లేదు. పన్ను కట్టే భర్త ఉన్న స్త్రీ అక్షరం రాకపోయినా తన మేలు తాను తెలుసుకోగలదని రాజ్యం భావించింది. తొమ్మిదో తరగతి దాకా చదివిన కూలీ భార్యకు మాత్రం ఆ తెలివి లేదట.

ఆ గుర్తు ఎవరి మీద పడుతుందో సచార్ కమిటీ 2006లోనే పరోక్షంగా చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి మెట్లెక్కనైనా లేదు, లేదా మధ్యలో మానేశారని ఆ నివేదిక తేల్చింది. బడి ఇవ్వని రాజ్యమే, బడి లేదన్న కారణంతో పాస్‌పోర్టుపై ముద్ర వేస్తోంది. 2018 జనవరిలో అయితే ఇలాంటివారికి నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. దేశమంతా ఛీకొట్టడంతో అదే నెలలో వెనక్కి తీసుకుంది. రంగు పోయింది, విభజన అలాగే ఉంది.

ఈ ఏర్పాటు రక్షణ కోసమేనని అధికారులు అంటారు. రక్షణ వద్దని మేము అనడం లేదు. అనుమతి తీసుకుని వెళ్లినవారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంది, అది మంచి పథకం. కానీ అనుమతి ప్రక్రియ ఎంత చిక్కుగా ఉంటే ఏజెంటు అంత బలుస్తాడు. కార్యాలయ మెట్లు ఎక్కలేనివాణ్ణి విజిట్ వీసాపై విమానం ఎక్కిస్తాడు. అక్కడ దిగాక అతనికి బీమా లేదు, కాంట్రాక్టు లేదు, రాయబార కార్యాలయం దగ్గర పేరు కూడా లేదు. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్న నిబంధన కూడా ఇలాగే పనిచేస్తోంది. ఇల్లు గడవని ఇరవై ఆరేళ్ల తల్లి ఆ నిబంధన చూసి ఆగిపోదు, దొంగదారిన వెళుతుంది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ రిక్రూట్‌మెంట్ సంస్థలు రెండు ఉన్నాయి. వాటి పేరు తెలిసిన కూలీ ఇంటికి మేము ఇంకా వెళ్లలేదు. ఏజెంటు ఫోన్ నంబరు మాత్రం ప్రతి ఇంట్లో గోడమీద రాసి ఉంటుంది.

2006 జనవరిలో హైదరాబాద్‌లో ప్రవాసీ భారతీయ దివస్ జరిగింది. నాటి ప్రధాని తొలి ఓ.సి.ఐ. కార్డులు అందజేసింది ఆ సభలోనే. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ సంతతివారు, వారి జీవిత భాగస్వాములు ఎప్పుడైనా వచ్చిపోయేందుకు జీవితాంతం చెల్లే కార్డు అది. ఆ ఏర్పాటుపై మాకు అభ్యంతరం లేదు. అయితే గల్ఫ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసినా ఎవరూ పౌరసత్వం ఇవ్వరు కనుక మన కూలీ చివరిదాకా భారత పౌరుడిగానే ఉంటాడు. పౌరసత్వం వదులుకున్నవారికి కార్డు దొరికింది, వదులుకోనివాడికి ముద్ర దొరికింది. మాటల్లోనూ అంతే. అమెరికాలో ఉన్నవాడు 'ఎన్నారై', గల్ఫ్‌లో ఉన్నవాడు 'వలస కూలీ', శవపేటికలో వస్తే 'గల్ఫ్ బాధితుడు'. చట్టం దృష్టిలో బతికున్న కూలీ కూడా ఎన్నారైయే కదా! రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి దేశానికి వచ్చిన సొమ్ములో ఆరు గల్ఫ్ దేశాల వాటా దాదాపు 38 శాతం, అమెరికా వాటా 28 శాతానికి కొంచెం తక్కువ. సన్మాన శాలువాల వాటా ఎవరైనా లెక్కకడితే అది తలకిందులుగా ఉంటుంది.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, ఉభయ గోదావరి జిల్లాల నుంచీ, హైదరాబాద్ పాతబస్తీ నుంచీ ఇంటిపనికి వెళ్లిన స్త్రీల గురించి ఎంత రాసినా తక్కువే. కువైట్ ఇంట్లో ఇద్దరు పసివాళ్లకు పాలుపట్టి నిద్రపుచ్చి, ఆపైన ఫోన్‌లో సొంత బిడ్డకు అన్నం తిన్నావా అని అడిగే తల్లి పరిస్థితిని ఏ వలస చర్చ పరిగణిస్తుంది? ఆ బిడ్డను నాన్నమ్మో అమ్మమ్మో పెంచుతారు. అమ్మ పంపిన డబ్బుతో కట్టిన ఇంట్లో అమ్మ నాలుగేళ్లలో ఉన్నది రెండు నెలలు. సౌదీ 2021 మార్చిలో కఫాలా నిబంధనలు సడలించినప్పుడు ఉద్యోగం మారే స్వేచ్ఛను ఘనంగా చాటారు. ఇంటి పనివారినీ, ఇళ్ల డ్రైవర్లనూ మాత్రం ఆ సడలింపు నుంచి మినహాయించారు. అంటే ఎవరికి అది అత్యవసరమో వారికే అందలేదు.

ఇక తిరిగి వచ్చిన పిల్లల సంగతి. ఈ భాగం మాకు ఫైళ్ల ద్వారా తెలిసినది కనుక కొంచెం వివరంగా చెబుతాం. రియాద్‌లోనో జిద్దాలోనో పదో తరగతి చదివి, రుసుము కట్టలేక ఇంటికి వచ్చిన బిడ్డ ఇక్కడ ఇంటర్ చదివి వైద్య ప్రవేశ పరీక్ష రాస్తే 'స్థానికేతర' అభ్యర్థి అవుతాడు. తెలంగాణలో 2024 నుంచి తొమ్మిదో తరగతి మొదలు ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. స్థానికులకు కేటాయించిన 85 శాతం సీట్లు ఈ బిడ్డకు మూసుకుపోయాయి. తాత ముత్తాతలు ఇక్కడి కబరస్తాన్‌లో నిద్రిస్తున్నా ప్రయోజనం లేదు. ఉద్యోగాల దగ్గరా ఇదే చిక్కు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువు ఎక్కడ సాగిందన్నదే కొలమానం. 95 శాతం ఉద్యోగాలు స్థానికులకే. బాల్యం జిద్దాలో గడిచిన పిల్లవాడు ఎక్కడి స్థానికుడు? సౌదీ అతన్ని పొమ్మంది, ఇక్కడ నువ్వు ఇక్కడివాడివి కాదన్నారు.

బదిలీలపై రాష్ట్రం బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల, సైనికుల పిల్లలకు వైద్య ప్రవేశాల్లో మినహాయింపు ఇచ్చారు. మేమూ ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవాళ్లమే, ఆ మినహాయింపు న్యాయమైనదే అంటాం. తండ్రి ఉద్యోగం కోసం ఊరు దాటితే బిడ్డ శిక్ష అనుభవించరాదన్న సూత్రం మీదే కదా అది ఇచ్చింది! ఆ సూత్రం గల్ఫ్ డ్రైవరు బిడ్డకు ఎందుకు వర్తించదు? మరో విచిత్రం ఉంది. ప్రైవేటు వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు ఎన్నారై కోటా. ఏడాదికి లక్షలకు లక్షలు చెల్లించగల ప్రవాసి బిడ్డకు విదేశవాసం ఒక అర్హత. ఫీజు కట్టలేని ప్రవాసి బిడ్డకు అదే విదేశవాసం అనర్హత. ఒకే వలస, ఒకే రాష్ట్రం, రెండు చట్టాలు.

మన సొంత ఇంటిని కూడా వదలకూడదు. మన సముదాయంలో విదేశాల్లో స్థిరపడిన డాక్టర్లు, ఇంజినీర్లు ఎందరో ఉన్నారు. మస్జిదులకు, మదర్సాలకు వారి విరాళాలు వస్తాయి, అల్లాహ్ వారికి మరింత ఇవ్వాలి. పెద్దల సభల్లో ముందు వరుస కుర్చీలు వారివే. సంబంధాలు చూసేటప్పుడు 'అమెరికా పిల్లవాడు, కుటుంబాన్ని తీసుకెళతాడు' అన్న మాటకు ఎంత విలువో మనకు తెలుసు. 'సౌదీలో డ్రైవరు, పిల్ల ఇక్కడే ఉంటుంది' అన్న సంబంధం ఎవరికి అంటగడతారో కూడా తెలుసు. ఆ పిల్ల అత్తవారింట పదేళ్లు ఒంటరిగా గడిపి, మామగారి మందులు, ఆడబిడ్డ పెళ్లి, పిల్లల బడి ఒక్కతే మోసి, ఏ చిన్న మాట వచ్చినా 'మొగుడు దూరంగా ఉన్నాడు' అని నిందపడుతుంది. జుమా ప్రసంగాల్లో పర్దా గురించి విన్నన్ని మాటలు ఆమె గురించి మేము వినలేదు.

ఇది ముస్లింల సమస్య మాత్రమే అని కూడా మేము చెప్పం. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో చేనేత, దళిత, బీసీ కుటుంబాలు ఇవే కన్నీళ్లు మింగుతున్నాయి. మన వినతిపత్రంలో వారి సంతకాలు, వారి వినతిపత్రంలో మన సంతకాలు ఉండాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది కూడా ఏళ్ల తరబడి ఆ పల్లెల ప్రజలు అడిగితేనే. అది చనిపోయినవారి కుటుంబాలకు. బతికున్నవారి కుటుంబాలకు ఏమిటి?

1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామని కేంద్రం 2019లో, 2021లో, మళ్లీ 2025లో ముసాయిదాలు విడుదల చేసింది. చదువును బట్టి మనిషిని విభజించే పద్ధతి పోయి, ఏ ఉద్యోగికైనా ఒకే రకమైన రక్షణ ఆ చట్టంలో రావాలి. గల్ఫ్ దేశాలతో కుదుర్చుకునే కార్మిక ఒప్పందాల్లో కుటుంబ సందర్శన వీసా, ఏటా సెలవు అనే అంశాలు చేర్చమని విదేశాంగ శాఖను అడగాలి. ఇవి కాలం పట్టే పనులు. ఉద్యోగాల స్థానికతకు రాష్ట్రపతి ఉత్తర్వు మారాలి, దానికీ కాలం పడుతుంది. కానీ వైద్య ప్రవేశాల నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనివి. వాటి మినహాయింపుల జాబితాలో 'విదేశాల్లో కార్మికులుగా పనిచేసి తిరిగివచ్చినవారి పిల్లలు' అన్న ఒక్క వరుస చేర్చడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, రియాద్‌తో చర్చలు అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఈ నెలలోనే మీ శాసనసభ్యుణ్ణి కలిసి ఆ ఒక్క వరుస గురించి అడగండి. తిరిగివచ్చిన పిల్లల టి.సి.ల నకళ్లు వెంట తీసుకెళ్లండి. ఆయన ఏమన్నారో తేదీతో సహా ఈ పత్రికకు రాసి పంపండి.